లక్కబొమ్మల పనిలో కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఉంటూ లక్క బొమ్మలు, డబ్బాలు డిజైన్ చేసి నేనే లేత్ (కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మన తెలుగు పిల్లలతో మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే అపోహలివి.

అపోహ: కంప్యూటర్ ముట్టుకుంటే అది చేతిపని కాదు.

నేను ఒప్పుకోను. బట్టలో డిజైన్లు నేసే జాకార్డ్ మగ్గం 1804 నుంచే, కంప్యూటర్ ప్రోగ్రామ్‌లాగా, చిల్లుల అట్టల లెక్క ప్రకారం పడుగు పోగులు ఎత్తుతోంది. ధర్మవరంలో జాకార్డ్ పెట్టి నేసిన పట్టుచీర చేనేత కాదని ఎవరైనా అంటారా? అయితే లేజర్‌తో చెక్కిన పువ్వును చేత్తో చెక్కామని చెప్పి అమ్మడం మాత్రం మోసమే. కొన్నవాళ్లతో పాటు, రోజంతా ఉలి పట్టే మనిషికీ అన్యాయం చేసినట్టే.

అపోహ: 3డీ ఫైల్ సరిగ్గా ఉంటే బొమ్మ సరిగ్గా వస్తుంది.

ఫైల్‌కి కర్ర సంగతి తెలియదు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర అనేదాన్నే ఇక్కడ బెంగళూరు దగ్గరి బొమ్మల ఊరు చన్నపట్నలో హాలె మర అంటారు. సరిగ్గా ఆరని కర్ర తర్వాత అడ్డంగా ముడుచుకుంటుంది, నిలువునా దాదాపు కదలదు. గుండ్రంగా తిప్పిన మూత కాస్తా కోలగా మారి డబ్బాకి పట్టదు. లక్క సంగతి ఇంకా సున్నితం. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతాం. ఎంత నొక్కాలో చేతికే తెలియాలి.

అందుకే నేను కంప్యూటర్‌ని లేత్ ఎక్కకముందు పనికి వాడతాను. బొమ్మ అంచు రేఖ గీసి, అసలు సైజులో అక్రిలిక్ మీద లేజర్‌తో టెంప్లేట్ కోయిస్తాను. తిప్పుతూ మధ్యమధ్యలో ఆపి, దాన్ని ఆనించి చూసుకుంటే బొమ్మలన్నీ ఒకే తీరుగా వస్తాయి. (టెంప్లేట్‌కి పీవీసీ షీట్ వద్దే వద్దు, లేజర్ తగిలితే విషవాయువు వస్తుంది.) పిల్లల చేతికి ఇముడుతుందో లేదో చూడడానికి పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ తీసుకోవచ్చు. దాని మీద లక్క ప్రయత్నించకండి, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది.

అపోహ: లక్షలు పెట్టాలి.

డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్లు ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్, బ్లెండర్ ఉచితం. మెషిన్ కొనక్కర్లేదు, బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడ వైపు మన ఫైల్ తీసుకుని కూలికి చేసిచ్చే (జాబ్‌వర్క్) వాళ్లున్నారు. సీఎన్‌సీకి (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రానికి) ఇచ్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: గుండ్రంగా తిరిగే 3 మిల్లీమీటర్ల బిట్ (కోసే మొన) లోపలి మూలలో 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు వదిలేస్తుంది. ఆ మూల ఉలితోనే తీయాలి.

అపోహ: ముందు ఇన్‌స్టాలో పెడదాం, బాగా అమ్ముడైతే డిజైన్ రిజిస్టర్ చేద్దాం.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం దరఖాస్తు చేయకముందే మీరు లోకానికి చూపించేసిన డిజైన్ కొత్తది కాదు. మీ సొంత పోస్టే మీకు అడ్డమవుతుంది. ముందు దరఖాస్తు, తర్వాతే ఫోటో. రిజిస్టరైతే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు, ఇతరులు కాపీ కొట్టకుండా రక్షణ ఉంటుంది. బొంగరం లాంటి తరతరాల రూపాలకు మాత్రం ఇది దొరకదు. వాటికి మీరు కొత్తగా ఇచ్చిన ఆకారానికో, అలంకరణకో అడగండి.