తెర గీయకముందు జరిగే పని

పర్లాకిమిడి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

యూజర్ ఎక్స్‌పీరియెన్స్ డిజైనర్ అంటే యాప్‌కు రంగులు వేసే మనిషేనా అని మీరు అడిగారు. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను, వాడేవారికి ఏం కావాలో తెలుసుకుని యాప్‌ను దానికి తగ్గట్టు తీర్చిదిద్దడమే ఈ పని, రంగుల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. “యూజర్ ఎక్స్‌పీరియెన్స్” అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన డొనాల్డ్ నార్మన్ మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. 1993లో ఆపిల్ సంస్థలో చేరి, తన ఉద్యోగానికి “యూజర్ ఎక్స్‌పీరియెన్స్ ఆర్కిటెక్ట్” అని పేరు పెట్టుకున్నాడు.

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి నుంచి విశాఖపట్నం వెళ్లే బస్సు టికెట్ల కోసం ఒక యాప్ చేయాలనుకుందాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని తెరలు గీస్తారు. అనుభవం ఉన్నవారు బస్టాండుకు వెళ్లి, టికెట్లు ఇచ్చే చోటుకు దగ్గరలో కూర్చుని, వచ్చేవారి మాటలు వింటారు. వైద్యం కోసం బయలుదేరిన వృద్ధ దంపతులు బస్సు వేళకన్నా ముందు, ఆసుపత్రి దగ్గర ఆపుతారా, చీకటి పడేలోగా తిరిగి రాగలమా అని అడగవచ్చు. ఫోన్ మనవడి చేతిలో ఉంటే, డాక్టరుగారి చీటీ అవ్వ కొంగుముడిలో ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియా బడిలో చదివినందువల్ల తెలుగు అక్షరాలు రానివారు మనలో ఎందరో ఉన్నారు. సవర గూడేల నుంచి వచ్చే పెద్దవారిలో కొందరికి రెండు లిపులూ రావు. కనుక ఒడిశాలో ఉన్నవారందరికీ యాప్ తనంతట తానే ఒడియాలో తెరుచుకోవాలని నిర్ణయించడం తప్పవుతుంది. ఊరి పేరును పారళాఖెముండి అని వెతికినా, పర్లాకిమిడి అని వెతికినా దొరకాలి.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల కోసం పుస్తకాలు రాయడానికి ముందు, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మన పని కూడా అదే వరుసలో సాగాలని నా నమ్మకం.

చూసినదంతా ఒక్క వాక్యంలోకి తేవడం తరువాతి పని. “వైద్యానికి వెళ్లే పెద్దవారు, అదే రోజు తిరిగి రాగలరో లేదో టికెట్ కొనకముందే తెలుసుకోగలగాలి” అని రాసుకున్నామంటే, మొదటి తెరలో ఏముండాలో సగం తేలిపోయినట్టే.

అప్పుడు పెన్సిలుతో ఒక్కో కాగితంపై ఒక్కో తెర గీస్తాము. బస్టాండులో ఒకరిని కూర్చోబెట్టి, “రేపు పొద్దున విశాఖకు రెండు టికెట్లు తీయండి” అని పని అప్పగిస్తాము. ఆయన వేలు పెట్టిన చోటును బట్టి మనం తరువాతి కాగితం ముందుంచాలి. బాగుందా అని అడగకూడదు, ఎందుకంటే మర్యాదకైనా బాగుందనే అంటారు. వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండుసార్లు చదివారో చూడాలి. దారి చూపించాలని నోటిదాకా వచ్చినా ఊరుకోవాలి. ఈ వృత్తిలో అంతకన్నా కష్టమైన క్రమశిక్షణ లేదు. ఐదుగురితో ఇలా పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయని ఈ రంగంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. వాడేవారు వేర్వేరు రకాలవారైతే ఒక్కో రకం నుంచి కొందరిని పిలవాలనీ ఆయనే చెప్పాడు, మన ప్రాంతానికి ఆ రెండో మాటే ముఖ్యం. కాగితం దశలో తప్పు దొరికితే రబ్బరుతో పోతుంది, ప్రోగ్రాం రాశాక దొరికితే వారాలు పడుతుంది.

రంగులు, కొలతలు ఆ తరువాతివి. మామూలు పరిమాణంలోని అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య కాంతి తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని, వేలితో నొక్కే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ప్రమాణాలు ఉన్నాయి. వాటిని పాటిస్తే చాలు.

డబ్బు కట్టిన క్షణంలో కొండదారిలో సిగ్నల్ పోతే తెరపై ఏమి కనిపించాలన్నది మాత్రం చివరికి వదలకండి. “లోపం జరిగింది” అని చూపితే పెద్దవారు భయపడి మళ్లీ డబ్బు కడతారు. డబ్బు చేరిందో లేదో ఇంకా తెలియలేదని, మళ్లీ కట్టవద్దని, సిగ్నల్ రాగానే యాప్ తానే చూసి చెబుతుందని వారు చదవగలిగిన భాషలో ఉండాలి, చదవలేనివారికి వినిపించాలి. ఆ మాటలు ప్రోగ్రాం రాసేవారితో కలిసి కూర్చుని మీరే రాయాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య