వాల్‌ప్రోయేట్‌తో లివర్ ముప్పు: ఎవరికన్నది ఎలా తేలింది

ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ పుట్టింది మందుగా కాదు. 1882లో తయారైన వాల్‌ప్రోయిక్ ఆమ్లాన్ని చాలాకాలం ఇతర రసాయనాలను కరిగించడానికే వాడారు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో పియెర్ ఎమార్ కొన్ని కొత్త పదార్థాలను అందులో కరిగించి పరీక్షకిస్తే, అసలు మూర్ఛను ఆపుతున్నది ఆ ద్రావకమేనని బయటపడింది. 1967లో ఫ్రాన్స్‌లో, 1978లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. లివర్ చెడి చనిపోయిన కేసులు, ముఖ్యంగా పసిపిల్లలవి, ఆ తర్వాత బయటికి రాసాగాయి.

1978 నుంచి 1984 దాకా అమెరికాలో జరిగిన ఇలాంటి 37 మరణాలను డ్రైఫస్ బృందం 1987లో విశ్లేషించింది. ఈ ఒక్క మందే వాడినవారిలో 37,000 మందికి ఒకరు చనిపోయారు. రెండేళ్ల లోపు వయసుండి, దీనితోపాటు వేరే ఫిట్స్ మందులూ వాడిన పిల్లల్లో 500కి ఒకరు. ఈ తేడా తెలిశాక డాక్టర్లు పసివాళ్లకు మందులు కలిపి ఇవ్వడం తగ్గించారు, మరణాలూ తగ్గాయి.

కలిపితే ఎందుకు ప్రమాదం? ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ లాంటి వేరే ఫిట్స్ మందులు లివర్ ఎంజైములను ఉసిగొల్పుతాయి. దాంతో వాల్‌ప్రోయేట్ మామూలు కంటే ఎక్కువగా 4-ఈన్ అనే విషపదార్థంగా మారుతుంది. అది మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగాల్లో) కొవ్వు ఖర్చవకుండా అడ్డుపడుతుంది, కొవ్వును అక్కడికి చేర్చే కార్నిటిన్ నిల్వలూ తరిగిపోతాయి. లివర్ కణాల నిండా సన్నటి కొవ్వు చుక్కలు చేరతాయి. పిల్లల్లో ఫిట్స్, లివర్ దెబ్బతినడం తెచ్చే ఆల్పర్స్ అనే వంశపారంపర్య జబ్బుకు, మైటోకాండ్రియాకు అవసరమైన పీఓఎల్‌జీ అనే జన్యువులో లోపం కారణమని 2004లో తేలడంతో, అసలే మైటోకాండ్రియా బలహీనంగా ఉన్న పిల్లలు ఎందుకు నిలవలేకపోయారో అర్థమైంది. ఆ లోపం ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు.

మొదటి ఆరు నెలల్లోనే గండం ఎక్కువ. మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత తరచూ ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించాలి. అయితే రిపోర్టు బాగుందని ధీమా పడకూడదు. అందులో చూసే ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము కాస్త పెరగడం మామూలే, డోసు తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ప్రాణాంతకమైన రకం మాత్రం రక్తపరీక్ష కంటే ముందే ఒంట్లో కనిపించవచ్చు: వాంతులు, తిండి మానేయడం, మగతగా పడి ఉండటం, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ రావడం. కామెర్లు తర్వాత వస్తాయి. ఈ వాంతుల్ని కడుపులో ఇన్ఫెక్షన్‌గా పొరబడటం చాలా తేలిక.

అలాంటప్పుడు మందు సంగతి డాక్టరుతో చెప్పి, అదే రోజు ఎల్‌ఎఫ్‌టీతోపాటు పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష), రక్తంలో అమ్మోనియా చూడమని అడగాలి. సొంతంగా ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. తీవ్రంగా లివర్ దెబ్బతిన్నవారిలో ఎల్-కార్నిటిన్ ఇచ్చిన 48 శాతం, ఇవ్వని 10 శాతం బతికారని 2001 నాటి పరిశీలన. నరం ద్వారా, తొందరగా ఇచ్చినప్పుడే ఎక్కువ ఫలితం కనిపించింది.