బాంబుల కింద బాల్యం: యుద్ధకాలపు లండన్ గురించి అపోహలు - వాస్తవాలు

నేను లండన్‌లో హెల్త్ విజిటర్‌ని. బిడ్డ పుట్టిన రెండు వారాలకల్లా ఇంటికి వెళ్ళి బరువు చూడటం, తల్లి నిద్ర, తిండి, మనసు ఎలా ఉన్నాయో కనుక్కోవడం, బిడ్డకు ఐదేళ్ళు వచ్చేదాకా ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండటం మా పని. మన ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ ఇదే పని చేసినవాళ్ళ గురించి వినే మాటల్లో చాలావరకు సరైనవి కావు. అవి నన్ను బాధపెడతాయి, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. అప్పట్లో లండన్ కౌంటీలో 28 బరోలు, అంటే సొంత పాలకవర్గం ఉన్న చిన్న పురపాలికలు, ఉండేవి. ఒక్కో బరోకి ఒక మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్, ఆయన కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, హెల్త్ విజిటర్లు. పెద్దాసుపత్రులు, బడిపిల్లల వైద్యం కౌంటీ కౌన్సిల్ చూసేది. గర్భిణులు, బాలింతలు, ఐదేళ్ళలోపు పిల్లలు, అంటురోగాలు, టీబీ క్లినిక్కులు బరోల చేతిలో ఉండేవి.

అపోహ: పిల్లలందరినీ పల్లెలకు పంపేశారు, లండన్‌లో పిల్లలే లేరు.

1939 సెప్టెంబరు 1న తరలింపు మొదలైంది. బ్రిటన్ నగరాల నుంచి కొద్ది రోజుల్లో దాదాపు 15 లక్షల మంది కదిలారు. కానీ అనుకున్న బాంబులు వెంటనే పడలేదు. 1940 జనవరి నాటికి సగానికి పైగా వెనక్కి వచ్చేశారు. పసిపిల్లలతో వెళ్ళిన తల్లులైతే మరీ ఎక్కువగా వచ్చేశారు. పరాయి వంటింట్లో ఎన్నాళ్ళని ఉంటారు? తీరా వచ్చి చూస్తే బడులు మూసి ఉన్నాయి. చాలాచోట్ల శిశు సంక్షేమ కేంద్రాలను ప్రథమ చికిత్స పోస్టులుగా మార్చేశారు. ఊరు ఖాళీ అయిందని లెక్కవేసుకున్న బరోలు మళ్ళీ వీధి వీధీ తిరిగి ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది.

అపోహ: రాత్రయితే లండన్ అంతా భూగర్భ రైలు స్టేషన్లలోనే పడుకునేది.

బాంబులు పడుతున్న 1940 నవంబరులో లెక్క తీశారు. స్టేషన్లలో పడుకున్నది నూటికి నలుగురు, పబ్లిక్ షెల్టర్లలో తొమ్మిది మంది, ఇంటి షెల్టర్లలో 27 మంది. మిగతావాళ్ళు ఎప్పటిలాగే ఇంట్లోనో, డ్యూటీలోనో ఉన్నారు. కాబట్టి షెల్టర్‌లో నర్సును పెట్టినంత మాత్రాన సరిపోదు, ఇంటింటికీ వెళ్ళాల్సిందే.

అపోహ: గజ్జి వస్తే పరుపులు, దుప్పట్లు ఉడకబెట్టాలి, లేదా కాల్చేయాలి.

ఈ మాట ఇప్పటికీ తెలుగు ఇళ్ళల్లో వింటాను. యుద్ధంలో గజ్జి బాగా పెరిగింది. బరోలు దుప్పట్లను ఆవిరి యంత్రాల్లో శుద్ధి చేయడానికి బోలెడు బొగ్గు, మనుషుల శ్రమ ఖర్చుపెట్టేవి. కెన్నెత్ మెల్లన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త షెఫీల్డ్‌లో, యుద్ధంలో చేరడానికి ఒప్పుకోని యువకులు స్వచ్ఛందంగా ముందుకు రాగా, గజ్జి రోగులు వాడిన దుప్పట్లలో వాళ్ళను పడుకోబెట్టి చూశాడు. దుప్పట్ల వల్ల అంటింది చాలా తక్కువ. ఒంటికి ఒళ్ళు తగిలి, ఒకే మంచం మీద పడుకుంటేనే ఎక్కువగా అంటుకుంటుందని తేలింది. దీంతో ఇంటిల్లిపాదికీ ఒకేసారి మెడ నుంచి పాదాల దాకా బెంజిల్ బెంజోయేట్ అనే మందు పూయడం ముఖ్యమైంది. 1941లో వచ్చిన ఉత్తర్వు ఇళ్ళకు వెళ్ళి పరీక్షించే అధికారం మెడికల్ ఆఫీసర్లకు ఇచ్చింది. మందు మారినా పద్ధతి ఇప్పటికీ అదే. ఒక్క బిడ్డకే మందు రాసి, దురద ఉన్న అమ్మమ్మను వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది.

అపోహ: రేషన్ తిండితో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆరోగ్యంగా అయిపోయారు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1939లో వెయ్యి మంది శిశువుల్లో 51 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1941లో ఆ సంఖ్య 60కి పెరిగింది. 1944కి 45కి తగ్గింది. మధ్యలోని పెరుగుదలను దాచేసి చివరి సంఖ్య ఒక్కటే చెప్పేవాళ్ళను నమ్మకండి. 1940 జులై నుంచి గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్ళలోపు పిల్లలకు రోజుకో పింటు (అర లీటరుకు కాస్త ఎక్కువ) పాలు చవగ్గా, లేనివాళ్ళకు ఉచితంగా ఇచ్చారు. తర్వాత నారింజ రసం, కాడ్ లివర్ ఆయిల్ అనే చేప నూనె వచ్చాయి. పాలు చాలామంది తీసుకున్నారు. నారింజ రసం సగం మంది కూడా తీసుకోలేదు, చేప నూనె అంతకంటే తక్కువ. గిడ్డంగిలో సీసా ఉండటం వేరు, అది బిడ్డ నోట్లోకి వెళ్ళడం వేరు.

డిఫ్తీరియా సంగతీ ఇంతే. టీకా యుద్ధానికి చాలా ముందే ఉంది. కానీ ఖర్చు బరోల నెత్తిన పడటంతో చాలాచోట్ల వేయలేదు. 1940 చివర్లో ప్రభుత్వం మందును ఉచితంగా ఇచ్చి దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. 1940లో ఆ జబ్బుతో దాదాపు 2,500 మంది చనిపోయారు. 1950లో ఆ సంఖ్య సుమారు 50. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి మొన్నమొన్నటిదాకా డిఫ్తీరియా పిల్లలు వస్తూనే ఉన్నారని గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది.

అపోహ: పిల్లల్ని బాంబుల నుంచి దూరంగా పంపితే చాలు, మిగతావి అవే సర్దుకుంటాయి.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఇది. హాంప్‌స్టెడ్ బరోలో 1941 నుంచి ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే పిల్లల మనోవిశ్లేషకులు యుద్ధ నర్సరీలు నడిపారు. తల్లి పక్కనే, నిబ్బరంగా ఉంటే చిన్నపిల్లలు బాంబు మోతను తట్టుకున్నారనీ, తల్లి నుంచి విడిపోవడమే వాళ్ళను ఎక్కువ కుదిపేసిందనీ గమనించారు. పిల్లల్ని నలుగురైదుగురి చొప్పున చిన్న గుంపులు చేసి, ఒక్కో గుంపును ఒకే నర్సుకు అప్పగించారు. తల్లులు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చన్నారు.

ఇది పాత కథ అనుకోకండి. ఇక్కడి తెలుగు జంటలు కొందరు ఉద్యోగం, డే కేర్ ఖర్చుల టెన్షన్‌తో ఏడాది బిడ్డను గుంటూరుకో, కరీంనగర్‌కో అమ్మమ్మ తాతయ్యల దగ్గరికి పంపిస్తారు. నేను వాళ్ళను తప్పుపట్టను. కానీ రెండేళ్ళకు తిరిగొచ్చిన బిడ్డ తల్లి చేతుల్లోకి రానని అమ్మమ్మ కొంగు పట్టుకుని ఏడవడం నా కళ్ళతో చూశాను. ఆ తల్లి కూడా ఏడ్చింది. బిడ్డ మొండిది కాదు, ఇప్పుడు రెండోసారి విడిపోతోంది. అలాంటప్పుడు అమ్మమ్మను వెంటనే తిరుగు విమానం ఎక్కించకండి. కనీసం కొన్ని వారాలు ఇద్దరూ కలిసి స్నానం, అన్నం, నిద్ర చూడండి.

అపోహ: ఈ కథలో మనవాళ్ళెవరూ లేరు.

ఫిన్స్‌బరీ బరోలో 1938లో ఒక హెల్త్ సెంటర్ తెరిచారు. టీబీ, పళ్ళు, స్త్రీల క్లినిక్కులు, శుద్ధి కేంద్రం అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. అప్పటికి అది కొత్త ఆలోచన. ఆ పని వెనక ఉన్న ప్రజారోగ్య కమిటీ అధ్యక్షుడు పంజాబ్ నుంచి వచ్చిన డాక్టర్ చునీలాల్ కటియాల్. అదే ఏడాది ఆయన ఆ బరోకి మేయరయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక భారత్‌కు తిరిగొచ్చి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) సంస్థకు మొదటి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ముందు చీటీ పట్టుకుని నిలబడినవాళ్ళు ఆయన పేరు విని ఉండరు.