పంచుకుంటే పోదా, తాతయ్యా?

చిన్నూ, అమ్ములూ,

వేసవిలో మీ అమ్మ ఆఫీసుకి వెళ్లగానే మనం ముగ్గురం ‘ఎల్లోస్టోన్’ పెట్టుకుని చూసిన సంగతి ఎవరు చెప్పారో గానీ, మీ అమ్మ నిన్న ఫోన్‌లో నన్ను కడిగి పారేసింది. తప్పు నాదే. అది అమెరికాలో మోంటానా రాష్ట్రంలో పెద్ద ర్యాంచ్ (గొడ్లు మేపే భూమి) ఉన్న డటన్ కుటుంబం కథ, పెద్దవాళ్ల కోసం తీసిన సీరియల్, అందులో తిట్లూ తుపాకులూ తప్ప భోజనం ప్రశాంతంగా జరిగిన రోజు ఒక్కటీ లేదు. అయితే అమ్ములు ఒక మాట అడిగింది, "తాతయ్యా, అంత భూమి ఉంది కదా, పంచేసుకుంటే పోదా?" అని. అప్పుడు టీ చల్లారిపోతోందని తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తా.

మా నాన్న పోయాక పన్నెండెకరాలు నలుగురం అన్నదమ్ములం తలా మూడెకరాలు పంచుకున్నాం. గట్టు మీద ఒక వేపచెట్టు ఎవరిదన్న దానికి ఆరేళ్లు మాటల్లేవు, అది వేరే కథ. కానీ మూడెకరాల్లోనూ బావి ఉంటే పంట వస్తుంది, సంసారం నడుస్తుంది. మోంటానాలో అలా కుదరదు. అక్కడ పండేది గడ్డి, అదీ వానలు తక్కువైన చోట పల్చగా. ఒక ఆవూ దాని దూడా ఏడాది పొడుగునా బతకాలంటే ఇరవై ముప్పై ఎకరాలు కూడా కావాల్సి వస్తుంది. ఇప్పుడు లెక్క వేసుకో, మన పన్నెండెకరాల్లో ఒక్క ఆవు కూడా సరిగ్గా మేయదు. 1862లో అమెరికా ప్రభుత్వం సాగు చేసుకునే వాళ్లకి 160 ఎకరాల చొప్పున ఇస్తానంది. వానలు బాగా పడే చోట అది చాలా భూమే, ఈ మెట్ట ప్రాంతాల్లో చాలక 1909లో దాన్ని 320 చేశారు. అదీ చాల్లేదు. అంటే అక్కడ భూమిని ముక్కలు చేస్తే ఎవరికీ ర్యాంచ్ మిగలదు, తలా ఒక బీడు ముక్క మిగులుతుంది. అందుకే మన ఇళ్లల్లో గొడవ ఎలా పంచాలని వస్తే, వాళ్ల ఇంట్లో గొడవ పంచకుండా ఎవరి చేతిలో పెట్టాలని వస్తుంది.

అలాంటి ఇంట్లో పిల్లలంటే పిల్లలు కాదు, పనికొచ్చే చేతులు. ఇంటి పెద్ద, తండ్రి జాన్ డటన్‌ని గమనించారా? పెద్దవాడు లీని ర్యాంచ్ కోసం పెంచాడు, వాడు మొదటి ఎపిసోడ్‌లోనే గొడ్ల తగాదాలో చచ్చిపోయాడు. జేమీని కోర్టుల్లో కొట్లాడ్డానికి లాయర్ చదివించాడు. తర్వాత తెలుస్తుంది ఆ పిల్లాడు పెంపుడు కొడుకని. కూతురు బెత్ చేత బ్యాంకు వాళ్ల లెక్కలు తిప్పికొట్టించాడు. జేమీ అంటే బెత్‌కి ఎందుకంత పగో అమ్ములు అడిగింది. చిన్నతనంలో ఆమె సాయం అడిగితే, ఆమెకు చెప్పకుండా ఆమె బతుకంతటికీ సంబంధించిన నిర్ణయం వాడొక్కడే తీసేసుకున్నాడు. అంతకంటే వివరంగా మీ అమ్మ చెప్తుంది, నేను చెప్పను. ఇక చిన్న కొడుకు కేసీ, తండ్రి మాట కాదని రిజర్వేషన్ (అక్కడి మూలవాసులకి కేటాయించిన భూమి) పిల్ల మోనికాని చేసుకున్నందుకు, తండ్రే వాడి ఛాతీ మీద ఇంటి గుర్తు కాల్చి పెట్టాడు.

చిన్నూ దుప్పటి మొహం మీదకి లాక్కున్నది అక్కడే. ర్యాంచ్‌ల్లో మనుషులకి ఇలా వాత పెట్టడం సీరియల్ వాళ్ల కల్పన, భయపడకు. గొడ్లకి పెట్టడం మాత్రం నిజం. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేశాను, మన ఊళ్లలో ఎద్దు కుంటుతుందని జబ్బకి వాతలు పెట్టించుకొచ్చిన రైతుల్ని నేను ఎంత తిట్టానో! మన దగ్గర వాత రోగానికి, అక్కడ వాత ఎవరి గొడ్డో తెలియడానికి. వసంతంలో ఇరుగుపొరుగు ర్యాంచ్‌ల వాళ్లంతా ఒకరి ఇంటి తర్వాత ఒకరి ఇంటికి వస్తారు. గుర్రం మీదున్నవాడు దూడ వెనక కాళ్లకి తాడు వేసి మంట దగ్గరికి ఈడ్చుకొస్తాడు, ఇద్దరు అదిమి పట్టుకుంటారు, ఒకడు టీకా వేస్తాడు, ఒకడు ఎర్రగా కాలిన ఇనుమును రెండు మూడు సెకన్లు ఆనిస్తాడు, వెంట్రుకలు కాలిన పొగ లేస్తుంది, వదిలితే దూడ లేచి తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. కూలి ఉండదు, మధ్యాహ్నం భోజనం, రేపు మీ ఇంటికి మేమొస్తామన్న మాట. మన బదులు పనే. ఆ గుర్తు మోంటానా ప్రభుత్వం దగ్గర రిజిస్టరై ఉంటుంది, పక్కటెముకల మీదా తుంటి మీదా, ఎడమా కుడా అన్నది కూడా రాసి ఉంటుంది.

గడ్డి కోసి దాచడం కూడా వాళ్లు దెబ్బ తిని నేర్చుకున్నదే. అంతకు ముందు గొడ్లని కంచెల్లేని మైదానాల్లో వదిలేసేవాళ్లు. 1886-87 చలికాలంలో మంచు కింద గడ్డి అందక మందలకు మందలు చచ్చాయి. మంద ఎలా ఉందని యజమాని ఉత్తరం రాస్తే, జవాబు ఉత్తరానికి బదులు, అక్కడ పనిచేసే చార్లీ రస్సెల్ అనే కుర్రాడు గీసిన ఎముకలు తేలిన ఒక్క గొడ్డు బొమ్మ వెళ్లింది. తర్వాత వాడు పెద్ద చిత్రకారుడయ్యాడు.

ఇంక మీరు చూడని ముగింపు. ఎలాగూ మీ అమ్మ చూడనివ్వదు. జాన్ పోయాక వారసత్వపు పన్ను పడుతుంది. అమెరికాలో అది 40 శాతం దాకా ఉంది, తొమ్మిది నెలల్లో కట్టాలి. మామూలు రైతుకి ఈ భయం ఉండదు లెండి, 2024లో మనిషికి 1 కోటి 36 లక్షల డాలర్ల దాకా పన్నే లేదు. డటన్‌లది అంతకు ఎన్నో రెట్లు. చేతిలో డబ్బు లేదు, భూమి మాత్రం కొండలంత. చివరికి కేసీ తన ఇంటి మట్టుకు కొంత ఉంచుకుని, మిగతాదంతా ఎకరం 1.25 డాలర్లకి రిజర్వేషన్ తెగకి నాయకుడైన రెయిన్‌వాటర్‌కి అమ్మేస్తాడు, ఎప్పటికీ దాని మీద ఇళ్లు లేపకూడదన్న షరతుతో. ఆ ధర ఊరికే పెట్టింది కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వం భూములు అమ్మిన ధర అదే. నా మట్టుకు నాకు ఆ సీరియల్ మొత్తంలో తెలివైన పని చేసింది ఆ ఛాతీ కాలినవాడే అనిపించింది. పంచలేదు, పోగొట్టలేదు, మొదట ఎవరిదో వాళ్లకిచ్చాడు. జేమీ, బెత్‌ల సంగతి మాత్రం మాటలతో తేలలేదు.

వచ్చే వేసవికి టెక్సాస్ తీసుకెళ్తానని మీ నాన్న అన్నాడు. ఫోర్ట్ వర్త్‌లో రోజుకి రెండుసార్లు పొడుగు కొమ్ముల గొడ్లని వీధిలో తోలుతారు, అవి చూద్దాం. ఎక్కడైనా మూపురం ఉన్న బ్రాహ్మన్ ఎద్దు కనిపిస్తే నన్ను పిలవండి. ఆ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది, వాళ్లు నెల్లూరు అంటారు. దగ్గరికెళ్లి గంగడోలు నిమిరి చూస్తాను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకండి.

తాతయ్య