కొల్లేరు: రెండడుగుల గొడవ

2024 సెప్టెంబరు మొదటి వారంలో టీవీలన్నీ విజయవాడ సింగ్‌నగర్‌నే చూపించాయి. బుడమేరుకు గండ్లు పడి ఇళ్ళలోకి పీకల్లోతు నీళ్ళొచ్చాయి. మా ఊళ్ళో మాత్రం అందరూ కొల్లేరు మీది పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో కనుక్కోవడానికి ఫోన్లు చేసుకుంటున్నారు. బెజవాడను ముంచిన నీళ్ళు చివరికి చేరేది మా కొల్లేరుకే. అక్కడ వరద తీసిందని జనం స్థిమితపడేసరికి, ఇక్కడ లంక గ్రామాల రోడ్ల మీదికి నీళ్ళెక్కాయి. మా పిన్నివాళ్ళ ఊరికి పడవ తప్ప దారి లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి అడిగాడు, "ఇదంతా క్లైమేట్ ఛేంజ్ వల్లేనా నాన్నా?" అని. అవునన్నాను కానీ మనసొప్పలేదు. వానల తీరు మారిన మాట నిజం. ఆ వాన వచ్చి పడే చోటు ఎలా మారిందో కూడా చెప్పాలి కదా. అందుకే ఇది రాస్తున్నాను.

కొల్లేరు వాళ్ళు భూమి గురించి మాట్లాడితే ఎకరాల కంటే ముందు అడుగులు చెబుతారు. "మాది ప్లస్ ఫైవ్ లోపల", "వాళ్ళది పైన" అంటారు. సముద్రమట్టం కంటే ఆ నేల ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చెప్పే లెక్క అది. దాన్నే కాంటూరు అంటారు. ఇటు గోదావరి, అటు కృష్ణ ఒండ్రు తెచ్చి పోసుకుంటూ డెల్టాలు పెంచుకుంటే, నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. నేలంతా పళ్ళెంలా ఉంటుంది. నీళ్ళు ఒక్క అడుగు పెరిగితే మైళ్ళ కొద్దీ పాకుతాయి. పదడుగుల కాంటూరు దాకా నిండితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల దగ్గర 308. మూడడుగుల దగ్గర 135. ఐదుకీ మూడుకీ మధ్య తేడా మోకాలు దాటి కొంచెం పైకి, అంతే. కానీ 308లో సగానికి పైగా సరస్సు ఆ రెండడుగుల్లోనే ఉంది.

లోపలికి వచ్చే దారులు చాలా ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా డెల్టా మురుగు కాలువలు. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది.

ఆ ఉప్పుటేరు పుట్టుక గురించి మా వైపు ఒక కథ చెప్పుకుంటారు. కొల్లేటికోటలో గజపతుల సేన ఉంది. చుట్టూ నీరు కాబట్టి శత్రువు కోట దగ్గరికి రాలేకపోయాడు. చివరికి, సరస్సు నీళ్ళు సముద్రంలోకి దింపేస్తే కోట చిక్కుతుందని కాలువ తవ్వించాడట. కోటలోని సేనాని దేవతలను శాంతింపజేయడానికి సొంత కూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అనే పేరుంది. నిజానిజాలు ఎలా ఉన్నా, కొల్లేరు మట్టం దించాలనే పంతం ఎంత పాతదో ఆ కథలో ఉంది. దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా ఉంది.

రాతపూర్వక చరిత్రకు వస్తే, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1833 కరువు చూసిన నేలకు కాటన్ కాలువలు అన్నం పెట్టాయి. అందులో రెండో మాట లేదు. కాకపోతే పొలానికి నీళ్ళు పెట్టే కాలువ ఉంటే, పొలం నుంచి నీళ్ళు తీసే కాలువ కూడా ఉండాలి. ఆ మురుగు కాలువల్లో చాలా వాటికి కొల్లేరే దిక్కయింది. తర్వాత ఎరువులూ పురుగుమందులూ వచ్చాక అవన్నీ నీళ్ళతో పాటే వచ్చి చేరాయి. ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల మురుగు కూడా అదే దారి పట్టాయి.

నా చిన్నతనంలో మా నాయనమ్మ కొల్లేటి నీళ్ళే తాగేది, మాకూ అవే పోసేది. కుండ బోర్లించి కడిగి, లోపలి గోడకు ఇండుపగింజను గరగరా రుద్దేది. ఆ శబ్దం నాకిప్పటికీ గుర్తుంది. నీళ్ళు పోసి, చేత్తో ఒకసారి తిప్పి, మూత పెట్టి, "కదపకండిరా" అనేది. కాసేపటికి మట్టంతా అడుగున పేరుకునేది. పైన తేటనీళ్ళు మిగిలేవి. ఇవాళ అదే ఇంట్లో 20 లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నాం. చుట్టూ నీరే, తాగడానికి గుక్కెడు లేదు. మట్టి అయితే ఇండుపగింజకు దిగుతుంది, మందులు దిగవు.

అప్పట్లో వానాకాలం చేపలు, వేసవిలో నీళ్ళు తీశాక బయటపడిన నేలలో వరి. తాటిదోనెలు, చేపలు పట్టే మావులు, వలలు. కొర్రమీను, మట్టగిడస, జెల్ల. పెద్ద వరదొస్తే ఆ వరి కాస్తా పోయేది. ఏళ్ళ తరబడి అలా నష్టపోతున్న పేదలకు ఆధారం చూపించాలని 1976లో ప్రభుత్వం సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. మా పెదనాన్న అప్పుడే సొసైటీలో చేరారు. ఆ ఉద్దేశం మంచిదేనని నేనిప్పటికీ నమ్ముతాను. కానీ చేపలో డబ్బుందని తెలిశాక పెట్టుబడి ఉన్నవాళ్ళు బయటి నుంచి వచ్చారు. సొసైటీ చెరువులు లీజులకు పోయాయి, వాటి పక్కన కొత్త చెరువులు లేచాయి. 1990ల నాటికి సరస్సు నడిబొడ్డున కూడా గట్లే. ఐసు వేసిన చేపల లారీలు కలకత్తాకు బారులు కట్టేవి. సభ్యులకు ఏడాదికోసారి లీజు డబ్బులు వచ్చేవి, అదే గట్టు మీద కూలి దొరికేది.

గట్టు వేస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పళ్ళెంలో పక్కకు పాకాల్సిన నీరు పాకలేక పైకి లేస్తుంది. అదే వాన, అంతే నీరు, మునక మాత్రం ఎక్కువ.

1999లో ప్లస్ ఐదు కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కాగితం మీద గీత పడింది, నీళ్ళలో గట్లు అలాగే ఉన్నాయి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసులతో 2005, 2006ల్లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టాయి. సరస్సు పరంగా అది జరగాల్సిన పనే. మనుషుల పరంగా మాత్రం సగం పనే జరిగింది. లీజుదారు ఇంకో చోట చెరువు చూసుకున్నాడు. సొసైటీ సభ్యుడికి, జిరాయితీ పట్టా ఉన్న చిన్న రైతుకు వెళ్ళడానికి చోటు లేదు. పెదనాన్న ఆ ఏడాది నుంచి వేరేవాళ్ళ చెరువు దగ్గర కాపలాకు వెళ్ళారు.

ఆ కోపం నుంచే రెండడుగుల గొడవ పెద్దదైంది. అభయారణ్యం హద్దును ప్లస్ ఐదు నుంచి ప్లస్ మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దించొద్దంది, పట్టా భూములకు పరిహారం ఇవ్వమంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మూడా, ఐదా అని మైకుల్లో వింటూనే ఉన్నాం. ఈలోగా కొట్టేసిన చోట్ల మళ్ళీ గట్లు లేచాయి.

వాతావరణం మారడమనేది ఇలాంటి చోటుకు వచ్చి పడింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. ఇక సముద్రం సంగతి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటున సముద్రమట్టం 20 సెంటీమీటర్లు, అంటే దగ్గర దగ్గర ఎనిమిది అంగుళాలు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ కమిటీ (ఐపీసీసీ) శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఎనిమిది అంగుళాలేగా అనిపిస్తుంది. కానీ రెండడుగుల కోసం కోర్టుల దాకా వెళ్ళిన ఊళ్ళు ఇవి. ఉప్పుటేరులో పోటు ఉన్నంతసేపు మా వరద నీరు కదలదు, పాటు వచ్చేదాకా ఆగాల్సిందే. సముద్రం ఎత్తు పెరిగేకొద్దీ కొల్లేరు ఖాళీ కావడం కష్టమవుతుంది. వేసవిలో దీనికి తిరగేసిన కథ. సరస్సులో మట్టం పడిపోతే ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. పైగా ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిపోయింది. డెల్టాను పెంచిన మట్టే రాకపోతే సముద్రానికి అడ్డేముంటుంది?

చెరువుల వాళ్ళు కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. మా చిన్నాన్న కొడుక్కి ప్లస్ ఐదుకు పైన, సొంత భూమిలో చెరువుంది. మొన్నామధ్య మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీటిలోని నాచు ఆక్సిజన్ చెయ్యదు, రాత్రిళ్ళు అదే ఉన్న ఆక్సిజన్‌ని తాగేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేశాడు, "డీఓ పడిపోయిందన్నయ్యా, ఓసారి రా" అని. డీఓ అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. టార్చి వేసి చూస్తే నీటి మీద వందల నోళ్ళు. బొచ్చెలు పైకి తేలి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. చప్, చప్ మని ఒకటే చప్పుడు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి, కుర్రాళ్ళు పడవ మీంచి ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతున్నారు. వాడు గట్టు మీద కూలబడి ఉలుకూ పలుకూ లేకుండా చూస్తున్నాడు. వేసవిలో ముసురు లేకపోయినా ఈ టెన్షన్ ఉంటుంది, ఎందుకంటే నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ.

అందుకే మూడా ఐదా అని నన్నడిగితే ఐదే అంటాను. వాన పెరిగే కాలంలో నీటికి చోటు తగ్గించడం మన ఇళ్ళలోకి మనమే నీళ్ళు పిలుచుకోవడం. కానీ ఆ మాట లంకల్లో నిలబడి చెప్పాలంటే ముందు పట్టా భూములకు డబ్బు కట్టాలి, సొసైటీ పేదలకు సరస్సులో వల వేసుకునే హక్కు గట్టిగా రాసివ్వాలి. ఉప్పుటేరు పూడిక తియ్యాలి. వంతెనల కింద పేరుకునే గుర్రపుడెక్కను వరదకు ముందే లాగాలి, వరదలో కాదు.

పెదనాన్నకు ఇప్పుడు ఎనభై దాటాయి. 2024 వరదలో ఆయన్ని మా ఇంటికి తీసుకురావడానికి పడవ మీద వెళ్ళాను. గుమ్మంలో నీళ్ళున్నాయి. బియ్యం బస్తా ఇంకా కిందే ఉంది. ఆయన మాత్రం స్టూలు ఎక్కి, ట్రంకుపెట్టెలోంచి తీసిన సొసైటీ సభ్యత్వ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీదికి తోస్తున్నారు.