హైస్కూల్ పిల్లలకు డబ్బు, వ్యాపారం పాఠాలు: అపోహలు - వాస్తవాలు

పర్సనల్ ఫైనాన్స్, బిజినెస్ కోర్సు అనగానే తల్లిదండ్రుల నుంచి స్కూలు యాజమాన్యాల దాకా కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. కొన్ని సగం నిజం, కొన్ని పూర్తిగా తప్పు. కోర్సు ఎంచుకునేవాళ్లకూ చెప్పేవాళ్లకూ పనికొచ్చేలా ఒక్కొక్కటీ చూద్దాం. ఇక్కడి మొత్తాలకు ఏ కరెన్సీ పేరు పెట్టుకున్నా లెక్క మారదు.

అపోహ: లెక్కల్లో గట్టి పిల్లలకే ఇది ఎక్కుతుంది.

వాస్తవం: శాతాలు, నిష్పత్తులు, కూడికలు, తీసివేతలు వస్తే చాలు. పిల్లలు తడబడేది లెక్క చేయడంలో కాదు, ఆ శాతం దేనిమీద అన్నది చూడకపోవడంలో. 100 ఉన్న ధర 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే ఎంత? చాలామంది 100 అని రాసేస్తారు. వచ్చేది 96. అలాగే 80కి కొని 100కి అమ్మితే కొన్న ధర మీద లాభం 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. మొదటి వారమంతా ఈ ఒక్క విషయం మీదే కూర్చోబెట్టినా నష్టం లేదు. ఇది గట్టిపడకుండా వడ్డీల్లోకి వెళ్తే తర్వాత అన్నీ తప్పులే.

అపోహ: బిజినెస్ కోర్సు రేపు వ్యాపారం పెట్టబోయేవాళ్లకే.

వాస్తవం: జీతానికి పనిచేసేవాళ్లకు కూడా తమ సంస్థ ఎందుకు డిస్కౌంట్ ఇవ్వనంటోందో, లాభాల్లో ఉన్న కంపెనీ జీతాలు ఎందుకు ఆలస్యం చేస్తోందో అర్థం కావాలి. ఆ రెండూ ఒక చిన్న స్టాల్‌తో నేర్పించవచ్చు.

పిల్లలు నోట్‌బుక్కులు కుట్టి అమ్ముతున్నారనుకుందాం. కాగితం, అట్ట, దారం కలిపి ఒక్కో పుస్తకానికి 25 ఖర్చు. అమ్మే ధర 40. స్టాల్ అద్దె, పోస్టర్లు కలిపి 600. ఒకటి అమ్మినా వంద అమ్మినా ఇది మారదు. పుస్తకానికి మిగిలేది 15. 600ని 15తో భాగిస్తే 40. అంటే 40 పుస్తకాలు అమ్ముడైతే పెట్టిన ఖర్చులు తిరిగొస్తాయి, 41వ పుస్తకం నుంచే లాభం. ఇప్పుడు ఎవరో ఒకరు 10 శాతం డిస్కౌంట్ ఇద్దామంటారు. ధర 36 అవుతుంది, మిగిలేది 15 నుంచి 11కి పడిపోతుంది. ఇక 55 పుస్తకాలు అమ్మితే గానీ ఖర్చులు రావు. ధర తగ్గింది 4 మాత్రమే, అదనంగా అమ్మాల్సినవి మాత్రం 15 పుస్తకాలు. ఈ లెక్క పిల్లల చేతే వేయించాలి. బోర్డు మీద మనం వేసి చూపిస్తే వాళ్లకు గుర్తుండేది జవాబు మాత్రమే.

అసలు పాఠం స్టాల్ మూసిన సాయంత్రం మొదలవుతుంది. వాళ్లు 100 పుస్తకాలు కుట్టారు. వాటికి 2,500, పైన 600 కలిపి చేతి నుంచి 3,100 పోయింది. 40 చొప్పున 60 పుస్తకాలు అమ్మారు, అమ్మకం 2,400. అందులో 20 పుస్తకాలు స్నేహితులకు అరువు. అంటే పెట్టెలో పడింది 1,600. మరి లాభమా, నష్టమా? అమ్మిన 60 పుస్తకాల ఖర్చు 1,500, మారని ఖర్చు 600, రెండూ తీసేస్తే 300 లాభం. చేతి డబ్బు చూస్తే మాత్రం 1,500 లోటు. రెండూ నిజమే. రావాల్సిన అరువు 800, మిగిలిన 40 పుస్తకాల్లో ఉన్న డబ్బు 1,000, మొత్తం 1,800. అందులోంచి 1,500 లోటు తీసేయండి, అదే 300. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఆ 40 పుస్తకాలు ఎప్పటికీ అమ్ముడుపోకపోతే? 300 లాభం కాస్తా 700 నష్టమవుతుంది. లాభానికీ నగదుకూ తేడాను నిర్వచనంగా బట్టీ పట్టిన పిల్లలు పరీక్ష అవగానే మర్చిపోతారు. ఈ పెట్టె ముందు కూర్చుని లెక్క సరిచూసుకున్నవాళ్లు మర్చిపోరు.

ఈ ప్రాజెక్టు చెడిపోయేది దాదాపు ఎప్పుడూ రాతకోతల దగ్గరే. అమ్మకాన్ని అప్పటికప్పుడు రాయరు, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తారు. పాకెట్ మనీ, స్టాల్ డబ్బు ఒకే పర్సులో పెడతారు. అందుకే అమ్మకాల పట్టీ, నగదు చిట్టా, అరువు ఖాతా అని మూడు వేర్వేరు కాగితాలు, వాటికి ముగ్గురు వేర్వేరు పిల్లలు ఉండాలి. కుట్టడానికి పట్టిన గంటలు కూడా రాయించండి. 300 లాభాన్ని ఆ గంటలతో భాగించి చూపిస్తే శ్రమకు విలువ కట్టడం తెలుస్తుంది.

అపోహ: వడ్డీ శాతం తక్కువుంటే అప్పు చవక.

వాస్తవం: ఆ శాతాన్ని ఏ బాకీ మీద లెక్కగడుతున్నారన్నది ముందు చూడాలి. 12,000 అప్పు, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ, 12 నెలల వాయిదాలు. వడ్డీ 1,200, నెలకు 1,100 ఈఎంఐ. వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి నెల నుంచే అసలు తీరుతూ వస్తోంది, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 12,000 మీదే వేస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి దాదాపు 18 శాతం. అదే అప్పు, దాదాపు రెట్టింపు రేటు.

క్రెడిట్ కార్డు బిల్లులో "కనీస చెల్లింపు" గడి కూడా తరగతిలో చూపించి తీరాలి. నెలకు 3 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద 10,000 బాకీ ఉంది. 5 శాతం, అంటే 500 కట్టారు. అందులో 300 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 200. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు. కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో అది 42.6 శాతం.

అలాగని అప్పులన్నీ చెడ్డవని చెప్పి ఊరుకునే కోర్సు కూడా పనికిరాదు. పై చదువులకో ఇంటికో ఏదో ఒకరోజు అప్పు తీసుకుంటారు. మొత్తం కట్టేదెంత, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని అడగడం రావాలి.

అపోహ: పొదుపు ఖాతాలో వేసిన డబ్బు విలువ తగ్గదు.

వాస్తవం: వడ్డీ 4 శాతం, ధరల పెరుగుదల 6 శాతం అయితే ఏడాది తిరిగేసరికి ఆ డబ్బుతో కొనగలిగేది దాదాపు 2 శాతం తగ్గుతుంది. ఆర్థిక అక్షరాస్యతను కొలవడానికి ఆర్థికవేత్తలు అన్నామారియా లుసార్డీ, ఒలీవియా మిచెల్ రూపొందించిన మూడు ప్రసిద్ధ ప్రశ్నల్లో ఒకటి సరిగ్గా ఇదే. అత్యవసరానికి దాచే డబ్బు, అంటే మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడేది, మాత్రం వెంటనే తీసుకోగలిగే చోటే ఉండాలి. అక్కడ రాబడి కోసం చూడకూడదు.

అపోహ: స్టాక్ మార్కెట్ ఆట ఆడిస్తే ఇన్వెస్ట్‌మెంట్ నేర్పినట్టే.

వాస్తవం: ఎనిమిది వారాల పోటీలో గెలవాలంటే ఉన్నదంతా ఒకే షేరు మీద పెట్టడమే సులువైన దారి. ఓడినా పోయేది ఉత్తుత్తి డబ్బే కదా. అంటే నిజజీవితంలో చేయకూడని పనికే బహుమతి ఇస్తున్నాం. ఆట కావాలనుకుంటే ర్యాంకుకు మార్కులు వేయకండి. కొనే ముందు ఎందుకు కొంటున్నారో, ఎప్పుడు అమ్ముతారో రాయించి దానికి మార్కులు వేయండి. పక్కనే ఏమీ చేయకుండా వదిలేసిన ఇండెక్స్ ఫండ్‌ను (ఒక మార్కెట్ సూచీలోని షేర్లన్నిటిలో కొద్దికొద్దిగా పెట్టే నిధి) కూడా ఒక పోటీదారుగా పెట్టండి.

దానికంటే చక్రవడ్డీ పట్టిక మేలు. ఏడాదికి 8 శాతంతో 10,000 పదేళ్లకు 21,589, ఇరవయ్యేళ్లకు 46,610, ముప్పయ్యేళ్లకు 1,00,627. చివరి పదేళ్లలో పెరిగింది మొదటి ఇరవయ్యేళ్లలో పెరిగినదానికంటే ఎక్కువ. చెప్పడం కాదు, పిల్లలే వరుస వరుసా నింపాలి.

అపోహ: ఇలాంటి కోర్సుల వల్ల ఉపయోగం లేదని పరిశోధనలే తేల్చాయి.

వాస్తవం: 2014లో 201 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఇలాంటి బోధన మనుషుల ఆర్థిక ప్రవర్తనలోని తేడాల్లో 0.1 శాతాన్నే వివరించగలిగిందని తేలింది. ఎన్ని గంటలు చెప్పినా 20 నెలలు దాటితే ప్రభావం దాదాపు మిగలదనీ అందులో ఉంది. 2022లో 76 రాండమైజ్డ్ ప్రయోగాలను (పాఠం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో లాటరీలా తేల్చి, రెండు గుంపులనూ పోల్చేవి) పరిశీలించిన మరో విశ్లేషణ మాత్రం జ్ఞానం మీదా ప్రవర్తన మీదా సానుకూల ప్రభావం ఉందని చూపించింది. మా దృష్టిలో రెండూ కలిపి చదవాలి. ఒక్కరోజు వర్క్‌షాప్ మీద ఆశ పెట్టుకోవద్దు. పాఠాన్ని అవసరం వచ్చే సమయానికి దగ్గరగా పెట్టండి: బ్యాంకు ఖాతా తెరిచే ముందు ఖాతాల గురించి, స్కూలు చివరి ఏడాదిలో విద్యారుణం గురించి, మొదటి ఉద్యోగానికి ముందు జీతం స్లిప్పు గురించి.

అపోహ: పిల్లల దగ్గర డబ్బే ఉండదు, మోసగాళ్లు వాళ్ల జోలికి రారు.

వాస్తవం: మోసగాళ్లకు కావాల్సింది పిల్లల డబ్బు కాదు, వాళ్ల ఖాతా. "నీ అకౌంట్‌లోకి కొంత డబ్బు వస్తుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది నేను చెప్పినచోటికి పంపు" అంటారు. అది దొంగసొమ్ము చేతులు మార్చడం. ఖాతా పేరు పిల్లవాడిదే కాబట్టి విచారణ వచ్చేదీ వాడి దగ్గరికే. తెలియక చేశానన్నా ఖాతా స్తంభించవచ్చు, కేసూ పడవచ్చు. ఎవరైనా అలా పంపించేసి ఉంటే తక్షణం చేయాల్సినవి ఇవి: ఇంకేమీ పంపకూడదు, వచ్చిన డబ్బు ముట్టుకోకూడదు, చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అదే రోజు బ్యాంకుకు, పోలీసులకు చెప్పాలి. పిల్లలు దాచిపెట్టేది తిట్లకు భయపడే. అందుకే ఈ పాఠం చెప్పే రోజు తల్లిదండ్రులను కూడా తరగతికి పిలవండి.