తామర పువ్వూ, తామర మచ్చా

పిల్లలూ,

మూడు రోజులుగా ముసురు వదలడం లేదు. మా వీధి పిల్లలు తడి బూట్లతోనే బడికి వెళ్తున్నారు, అదే తడితో తిరిగొస్తున్నారు. నిన్న సాయంత్రం మా మనవరాలు మోచేతి కింద గుండ్రటి ఎర్ర మచ్చ చూపించి, "తాతా, అమ్మ దీన్ని తామర అంటోంది. తామరంటే చెరువులో పువ్వు కదా, నా చేతి మీదకెలా వచ్చింది?" అని అడిగింది. దానికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటుంది కదా. పైన నూనె తేలుతున్నంత కాలం ఆవకాయ ఏడాదైనా పాడవదు. ఎవరో తొందరలో తడి గరిటె పెడతారు. నాలుగు రోజులకి అంచున తెల్లగా బూజు! ఆ బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే. తడి దొరికాకే మొలిచాయి. మన ఒళ్లూ అలాంటి జాడీయే. చర్మం తనంతట తాను పల్చటి నూనె పొర వేసుకుంటుంది. కాలివేళ్ల సందులు, చంకలు, గజ్జలు జాడీ మూలల్లాంటివి, అక్కడికి గాలి సరిగా ఆడదు. ఎండాకాలం చెమటని గాలి ఎగరేసుకుపోతుంది. ఈ రోజుల్లో గాలే నీళ్లతో నిండి ఉంటుంది, ఇక మన చెమటని ఎక్కడికి తీసుకుపోతుంది? ఒంటి మీదే ఉండిపోతుంది. ఇక తువ్వాలు సంగతి. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే ఒక జాడీలో గరిటె ఇంకో జాడీలో పెట్టినట్టే.

తామర కూడా ఒక రకం బూజే, పురుగు కాదు. గోళ్లు, జుట్టు, ఆవు కొమ్ములు కెరటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. మన చర్మం పైపొరలోనూ అదే ఉంటుంది. తామరకి అదే తిండి. ఒకచోట మొదలై చుట్టూ తింటూ బయటికి జరుగుతుంది. మనవరాలి మచ్చని భూతద్దంతో చూశాం. మధ్యలో చర్మం దాదాపు మామూలుగా ఉంది. అంచు మాత్రం పొలం గట్టులా కాస్త లేచి, దాని మీద సన్నటి తెల్ల పొలుసులు. మేత ఆ గట్టు మీదే జరుగుతోందన్నమాట.

నా చిన్నప్పుడు మా ఊళ్లో, నాగావళి ఒడ్డున, ఆషాఢం వచ్చిందంటే వరి ఉబాలు, అంటే నాట్లు. అమ్మ తాటాకు గిడుగు వేసుకుని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా బురద మడిలోనే ఉండేది. రాత్రికి కాలివేళ్లు పాసిపోయేవి. సందుల్లో చర్మం నాని, పాలిపోయి, చీలిన చోట లోపలి ఎరుపు కనిపించేది. గోరింటాకు నూరి ఆ సందుల్లో పెట్టడం నా పని. ఒకరోజు ఆటకి పరుగెత్తే తొందరలో తడి కాళ్లకే పెట్టేశాను. అమ్మ కోప్పడలేదు. పెట్టిందంతా తీసేసి, పొయ్యి దగ్గర వెచ్చబెట్టిన పాతగుడ్డ నా చేతికిచ్చి, "ముందు తడి తుడవరా, మందు తరవాత" అంది. ఒక్కో వేలూ విడదీసి తుడిచాను. అరవయ్యేళ్లు దాటినా ఇప్పటికీ స్నానం చేశాక నేను ముందు తుడుచుకునేది కాలివేళ్ల సందులే. మీరూ అలాగే చేయండి. బడి నుంచి రాగానే బూట్లూ మేజోళ్లూ విప్పేయండి. సగం ఆరిన లోపలి బట్టలు మాత్రం తొడుక్కోకండి. ఇలాంటి చిన్న పనుల్లో బద్ధకిస్తే తరవాత ఒళ్లే బాధపడుతుంది.

పల్చటి నూలు బట్ట మంచిది. మన పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, అంత సన్నటి నూలు చేత్తో వడుకుతారు. వీలైతే ఒకసారి అక్కడికి వెళ్లి ఆ దవడ పళ్లు చూసి రండి.

ఇంకొకటి, ఇది నా ఒంటి మీద జరిగింది. పోయినేడు నాకు నడుం దగ్గర తామర వస్తే, ఒక మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో దురద పోయింది. నెల తిరిగేసరికి మచ్చ అరచేయంత అయింది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని డాక్టరమ్మ చూసి చెప్పింది. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, దాంతోపాటు ఒంటి కాపలానీ నిద్రపుచ్చుతుంది. బూజుకి అడ్డు ఉండదు. కాబట్టి మచ్చ కనిపిస్తే దాచుకోకుండా పెద్దవాళ్లకి చెప్పండి, డాక్టరుకి చూపించండి. మచ్చ మాయమైందని మందు మానేయకండి, డాక్టరు చెప్పినన్నాళ్లూ రాయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వానాకాలంలో ఇది ఎవరికైనా వస్తుంది.

కొందరు భయంతో రోజుకి నాలుగుసార్లు సబ్బు పెట్టి రుద్దుతారు. అది ఆవకాయ మీద నూనె తోడి పారబోయడం లాంటిది.

ఇక మనవరాలి పువ్వు సంగతి. వాన తెరిపిచ్చాక పెద్దవాళ్లని వెంటబెట్టుకుని చెరువుగట్టుకి వెళ్లండి. తామరాకు ఒకటి దగ్గరికి లాగి చెంబుతో నీళ్లు పోయండి. నీళ్లు పూసల్లా దొర్లుతూ దుమ్మునీ మోసుకుపోతాయి, ఆకు మాత్రం పొడిగా ఉంటుంది. ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న బొడిపెలూ, వాటి మీద మైనమూ ఉంటాయి. ఇప్పుడు అదే ఆకుని ఒకచోట బొటనవేలితో గట్టిగా రుద్ది, మళ్లీ అక్కడ నీళ్లు పోసి చూడండి.

మీ తాతయ్య